గడ్డిపోచ పూచీ

వాగు అవతలి గట్టున, పాడుబడ్డ దిగుడుబావి మీదికి వంగిన తుమ్మచెట్టు ఎలుగుబంటిది. చెట్టు దానిదే గాని, కొమ్మలకు వేలాడే గూళ్ళు మాత్రం గిజిగాళ్ళవి. అద్దె కింద అవి పొద్దున్నే ఎలుగుబంటి ఒంటి మీది పేలు ఏరిపెట్టేవి. ఇన్నేళ్ళూ ఏ పేచీ లేదు.

ఆ ఏడు వానలు పడ్డాక నక్క వచ్చి ఎలుగుబంటి చెవి కొరికింది.

"ఈ పిట్టల్ని పంపించేస్తే తేనెటీగలు దిగుతాయి దొరా. పేలు ఏరించుకోవడం ఎక్కడ, తేనె జుర్రుకోవడం ఎక్కడ?"

బేరం కుదిర్చినందుకు తనకూ ఓ తేనెపట్టు ముక్క దక్కుతుంది మరి.

మర్నాడు దొరను వెంటబెట్టుకొచ్చి, "రేపటికల్లా ఖాళీ చెయ్యండి" అని కేకేసింది.

ముసలి గిజిగాడు పేరయ్య గూళ్ళ వైపు చూశాడు. గూళ్ళ నిండా గుడ్లున్నాయి. ఒళ్ళు మండినా దిగమింగుకుని కింది కొమ్మకు వచ్చి నక్కతో అన్నాడు.

"పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఆగు అల్లుడూ. లేదా వేరే చెట్టు చూపించి, మళ్ళీ అల్లుకోవడానికి గడ్డయినా ఇప్పించు."

"గడ్డెందుకు మామా? మీవి వేలాడే ఇళ్ళు. పునాదులా, గోడలా? ముడి విప్పి పట్టుకుపోవడమే."

నక్క ఏనాడూ ఇల్లు కట్టిన పాపాన పోలేదు. దాని బొరియ కూడా ఎవరో తవ్వి వదిలేసిందే. పేరయ్యకు ఆ సంగతి గుర్తొచ్చింది.

"దించేటప్పుడు ఏమన్నా పోతే?"

"ఒక్క గడ్డిపోచ పోయినా పూచీ నాది. పోచకు పోచ తెచ్చి, గూడు మళ్ళీ అల్లి ఇస్తాను. అప్పటిదాకా మిమ్మల్ని కదిలించం. ఏం దొరా?"

ఎలుగుబంటి తలూపింది. తేనె తలుచుకుంటున్న దానికి ఏదైనా సరే.

"మాకు ఇళ్ళు దించే విద్య తెలియదు అల్లుడూ. ఒకటి దించి చూపించు. నా గూడే తీసుకో. ఏ ఆడపిట్టకూ నచ్చలేదు, ఖాళీగానే ఉంది."

నక్క బావి గట్టెక్కి గూడు నోట కరుచుకుని లాగింది. ముడి ఊడలేదు. కాళ్ళు తన్నిపెట్టి గుంజితే మూతికి ముళ్ళు దిగాయి, గూడు నడిమికి చీలింది. సగం గడ్డి బావిలో పడింది, సగం నక్క నెత్తిన పడింది. గూట్లో మెత్తిన మట్టి కళ్ళలో పడింది.

"ఇది పాతది మామా."

"మొన్ననే అల్లాను అల్లుడూ."

ఎలుగుబంటి వీపు గోక్కుంది. ఈ గొడవలో ఆ పూట పేలు ఏరినవాళ్ళు లేరు.

"పోచకు పోచ అన్నావుగా. కానియ్" అని కసిరింది.

నక్క రోజూ గడ్డి మోసింది, పంజాలతో ముడులు వేసింది. వేసిన ముడి వేసినట్టే ఊడింది. పేరయ్య వచ్చి చూసేవాడు.

"బాగుంది అల్లుడూ, కాస్త వదులు. విప్పి మళ్ళీ మొదలెట్టు."

పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేసరికి నక్క అల్లిన గూడు ఆవు తొక్కిన గడ్డిలాగే ఉంది. తేనెటీగలు ఎప్పుడో వేరే చెట్టు చూసుకున్నాయి.

ఇల్లు ఖాళీ చెయ్యడం చిటికెలో పని అనేవాడి చేత ముందు ఒక్క ఇల్లు దింపించి చూడాలి.