నామ్‌వన్ ఎడమ బూటు మందిరం

థాయ్‌లాండు దేశంలో నామ్‌వన్ పట్టణపు ఫుట్‌బాల్ మైదానంలో, ఉత్తరపు గోలు వెనుక, ఎర్ర రంగు వేసిన చిన్న మందిరం ఉన్నది. అందులో విగ్రహం లేదు. ఒక ఎడమ బూటు ఉన్నది. నదులు ఎండే వేసవిలోనూ ఆ బూటు తడిగానే ఉంటుంది. అనుమానం ఉన్నవారు దూరం నుంచి చూసి నమ్మండి. వేలు పెట్టి చూసినవారి సంగతి మాత్రం నన్నడగకండి.

పూర్వం ఇక్కడ, జాతీయ కప్పు పుట్టిన తొలి ఏడు, బున్‌లోమ్ అనే మహావీరుడు ఊరి జట్టుకు నాయకుడు. సామాన్యుడా! ఉదయం అతడు తన్నిన బంతి మధ్యాహ్నానికి గాని నేలకు దిగేది కాదు. ఫైనల్లో ఎగువ ఊరి జట్టుపై ఏడు గోల్స్ కొట్టాడు. ఏడోదానికి వల చిరిగి, వెనుక గోడ బీటలువారింది.

ఆ వెండి కప్పుపై భిక్షువులు మంత్రజలం చల్లి, రక్షాదారం చుట్టి ఇచ్చారు. తిరుగు రైలులో బున్‌లోమ్ సంచి తెగింది. బురద బూట్లు ఎక్కడ పెట్టాలో తోచక కప్పులో కుక్కాడు. గోల్‌కీపరు థోంగ్‌దీ చేయి అడ్డుపెట్టి, "తీసెయ్యన్నా! కాలికి తొడిగేవి అందులోనా?" అన్నాడు.

"ఏడు గోల్స్ కొట్టిన బూట్లురా ఇవి! కప్పే మురిసిపోవాలి" అని నవ్వాడు బున్‌లోమ్.

రైలు దిగేసరికి కప్పులో నీరు ఊరింది. ఒంపితే మళ్లీ ఊరింది. అది ఊరినకొద్దీ నది పెరిగింది. నది వేలెడు పెరిగితే, బున్‌లోమ్ పాదాల్లో మొదలైన చలి వేలెడు పైకి పాకేది. పాకినంత మేరా ఒళ్లు రాయయ్యేది. చలి గుండెను చేరితే అతడు లేడు. నీరు గట్టు దాటితే ఊరు లేదు.

అయిదోనాటి మధ్యాహ్నం అతడి తల్లి ఫిన్ కునుకు తీయగా, తడి జుట్టు ముసలివాడు కలలో నిలిచాడు. "ఈ నేలను కాచే ఫ్రఫూమ్‌ను నేను. నీ కొడుకు తాను ఓడించినవాడి రెండు పాదాలూ ఆ కప్పు నీటితోనే కడగాలి. లేదా, వాడి కాళ్లు నావి!"

ఓడిన జట్టు నాయకుడు సవాంగ్‌ను వరదలో పడవపై తెచ్చినవారు మా తాతగారు. ఆయన తెడ్డు ఎత్తితే మొసళ్లు వరుసకట్టి దారి ఇచ్చాయి.

సవాంగ్ కుంటుతూ దిగి, "ఏడు చాలలేదా బాబూ, ఎనిమిదో గోలుకు పిలిచావా?" అన్నాడు.

చలి నడుము దాటిన బున్‌లోమ్ చేతులతో పాక్కుంటూ వచ్చాడు. కుడి పాదం కడిగాడు. అతడి కుడికాలిలో నెత్తురు కదిలింది; నది గట్టు దిగింది. ఎడమ పాదం అందుకుంటే, దాని వేళ్లు నల్లగా చితికి ఉన్నాయి.

"మెల్లగా! అది నువ్వు కావాలని తొక్కినదే" అన్నాడు సవాంగ్.

బున్‌లోమ్ చేయి వెనక్కు తీసుకొని, "ఆటలో తగులుతుంటాయి" అని గొణిగాడు.

అంతే! ఆ పాదం కడగకముందే కప్పు ఎండిపోయింది. ఊరు బతికింది. ఎడమకాలు మాత్రం అతడు కాటికి వెళ్లేదాకా రాయిగానే ఉండిపోయింది. కప్పు ఎండినా తడి ఆరని ఆ కాలి బూటునే ఇక్కడ మందిరంలో పెట్టారు.

నేటికీ ఆ కప్పు గెలిచిన జట్టు బూట్లు నెత్తిన పెట్టుకొని ఇక్కడికి వస్తుంది. ఇక్కడి దేవుళ్లకు ఇష్టమైన ఎర్ర సోడా నివేదించి, ఓడినవారి రెండు పాదాలూ కడిగి, చేసిన ప్రతి గాయాన్నీ ఒప్పుకుంటుంది. ఎడమ పాదం వంతు రాగానే మైదానమంతా కప్పులోకే చూస్తుంది. భక్తులారా, మీరు ఎవరి కాలు తొక్కి వచ్చారో గుమ్మం దగ్గరే తలచుకొని, పైకి చెప్పి, లోపలికి రండి. ఈ నేలను కాచే దేవుడు మీ కాళ్లను మీకే ఉంచుగాక!