తొమ్మిది కుప్పలు

ఆ కొండ మీద పుష్యమాసం వస్తే కుంటలో నీళ్ళు పైపైన గడ్డకడతాయి. మామూలు మొక్క నిలవదు. అలాంటి చోట కొండమ్మ అనే కుందేలు పూలతోట వేసింది. అన్నీ చలికి ఓర్చుకుని ఏటా పాత వేరు నుంచే చిగురించే మొక్కలు. వాటిలో తొమ్మిది నేల ఆర్కిడ్లు. చైత్రంలో పసుపు రేకుల మీద నల్లమచ్చలతో పూస్తాయి.

ఆ మచ్చలే కొండమ్మను బతికిస్తున్నాయి. కొండకు దొర చిరుత. "నా ఒంటి మచ్చలు పూసే మొక్క ఇది. ఏటా చూడ్డానికి వస్తాను. పూసినన్నాళ్ళు నీ జోలికి రాను" అన్నాడు. పూయకపోతే ఏమిటో చెప్పలేదు. చెప్పే అవసరం లేదు.

మార్గశిరంలో ఆకులు ఎండి రాలిపోయాయి. దుంపలు మట్టిలో నిద్రపోయాయి. పైన ఏ గుర్తూ లేదు. ఏది ఎక్కడ ఉందో కొండమ్మకు ఒక్కదానికే తెలుసు. ముళ్ళపంది సన్నాసయ్యకు ఆ దుంపలంటే ప్రాణం. కానీ రాళ్ళ నేల. గుడ్డిగా తవ్వుతూ కూర్చుంటే, ఒక్కటి దొరికేలోపే కొండమ్మ మిగతావి తీసి దాచేస్తుంది.

ఒక పొద్దున్న కంచె అవతల నిలబడి నిట్టూర్చాడు.

"ఏం మామా, ఆ ఏడుపు మొహం?"

"నా మొహానికేం గానీ కోడలా, ఈసారి మంచు మామూలుది కాదు. అవతలి కొండ మీద దుంపలన్నీ కుళ్ళి నీళ్ళయిపోయాయట."

కొండమ్మ చెవులు వాలిపోయాయి. "నావి గట్టివి. ఆరు చలికాలాలు చూశాయి."

"చూశాయిలే. చైత్రంలో దొర వచ్చినప్పుడు ఆ మాటే చెప్పు. వింటాడు."

"అలా భయపెట్టకు మామా!"

"నాదేం పోయింది? చేతులు కాలాక ఆకులు పట్టుకునేది నువ్వు. దుంప మీద మోకాలెత్తు ఎండాకు పొయ్యి. వెచ్చగా పడుకుంటుంది."

"తోటంతా కప్పేస్తే?"

"అంత ఆకు ఏ అత్తగారు మోసుకొస్తుందే? రేపే మంచు. దుంప ఉన్నచోట చాలు."

చెప్పింది అబద్ధం కాదు. చలికి ఎండాకు కప్పడం తోటపనిలో ఉన్నదే. అందుకే కొండమ్మ నమ్మింది.

కొండమ్మ ఎండాకు మోపులు మోస్తుంటే పొదలోంచి ఒక కౌజుపిట్ట అడిగింది: "అదేమిటే, ఆరేళ్ళూ కప్పకుండానే బతికాయిగా?"

"నీకేం, ఎగిరిపోతావు" అంది కొండమ్మ.

సాయంత్రానికి తొమ్మిది కుప్పలు లేచాయి.

మర్నాడు మధ్యాహ్నం పొగమంచు దిగింది. మూరెడు దూరం కనబడదు. ఇంకాస్త ఆకు కోసం కొండమ్మ వాగు దగ్గరకు వెళ్ళింది. పైనుంచి టకటకమని ముళ్ళ చప్పుడు వినబడింది. మోపు వదిలేసి పరిగెత్తింది.

తొమ్మిది కుప్పలూ చెదిరి ఉన్నాయి. తొమ్మిది గుంటలు. పదో గుంట లేదు.

సన్నాసయ్య మూతి తుడుచుకుంటున్నాడు. "నీ మాటే నిజం కోడలా. ఒక్కటీ కుళ్ళలేదు."

"దొరకు చెబుతాను!"

"చెప్పు. నన్ను ముట్టుకుంటే మూతి నిండా ముళ్ళు దిగుతాయని దొరకు తెలుసు. నీకు ముళ్ళేవీ?"

కొండ దిగితే వేటకుక్కలు. పోవడానికి చోటు లేదు. మూడు నెలలు కొండమ్మ ఆ గుంటల్లో మట్టి జల్లించింది, చిన్న ముక్కయినా మిగిలిందేమోనని. మిగల్లేదు.

చైత్రంలో చిరుత వచ్చాడు. గుంటలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచాడు.

"ఎవరు?"

"సన్నాసయ్య, దొరా."

"ఎక్కడ తవ్వాలో వాడికెవరు చూపించారు?"

కొండమ్మ గుంటల చుట్టూ చెదిరిన ఎండాకుల వైపు చూసింది.

చిరుత ముళ్ళపంది బొరియ వైపు ఒకసారి చూశాడు. తర్వాత తల కొండమ్మకేసి తిప్పాడు.

భయపడి కప్పినచోటే దొంగకు దారి కనబడుతుంది.