పాత లెన్సులో ద్రాక్షతీగ

ఎనిమిది మంది ఫొటోగ్రఫీ విద్యార్థులు మూడు వారాలపాటు ఒకే గదిలో కూర్చుని వాదించుకుంటే, ఆ మూడు వారాల్లో ఎన్ని ఫొటోలు తీసి ఉంటారు? ఊహించి చెప్పండి. మొహమాటపడకండి, సిగ్గుపడాల్సింది మేము. పదకొండు. అందులో తొమ్మిది లెన్సుల ఫొటోలు. లెన్సుతో తీసినవి కావు, లెన్సును బల్ల మీద పెట్టి తీసినవి!

పాలకొల్లులో గంగరాజు మాస్టారి దగ్గర చదువు మాది. ఆయన ఒకప్పుడు స్టూడియో నడిపిన గదిలోనే పాఠం. ఆయనకో అలవాటు ఉంది: ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెప్తారు. ఆ ఏడు మాకు పట్టిన పిచ్చి పాత లెన్సులు. రీలు కెమెరాల కాలంనాటి లెన్సు ఎక్కడో వెతికి పట్టుకోవడం, మధ్యలో ఒక లోహపు రింగు బిగించి కొత్త డిజిటల్ కెమెరాకు తగిలించడం, చేత్తో తిప్పుకుంటూ ఫోకస్ చేసుకోవడం, ఆ తర్వాత రెండు జట్లుగా చీలి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడటం.

పాత జట్టుకు నాయకురాలు తనూజ. మూతబడిన ఒక స్టూడియోలో దొరికిన లెన్సును పసిపిల్లలా చున్నీలో చుట్టుకుని తిరిగేది. "ఈ లెన్సుకు ఆత్మ ఉందే" అనేది. "ఆత్మ కాదు తల్లీ, బూజు" అన్నది కొత్త జట్టు తరఫున నేనే. అందరూ నవ్వారు, నేను గెలిచాననుకున్నాను. గెలిచి ఏం చేశాను? ఆ వారం ఒక్క ఫొటో తియ్యలేదు.

చివరికి ఒకరోజు తనూజ లేచి నిలబడి అడిగేసింది. "మాస్టారూ, మీరే తేల్చండి. పాత లెన్సు గొప్పదా, కొత్త లెన్సు గొప్పదా?"

మాస్టారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని అన్నారు. "రేపు పొద్దున్న సువార్తమ్మ గారింటికి వెళ్ళు. ఆవిడ అల్లిక ఫొటో తీసుకురా. నీకు నచ్చిన లెన్సుతోనే తియ్యి. నల్లగుడ్డ మీద బల్లపరుపుగా పరిచి తియ్యి."

సువార్తమ్మ గారు కాలవ గట్టు మీద ఉంటారు. యాభై ఏళ్ళుగా లేసు అల్లుతున్న మనిషి. అత్తగారి దగ్గర నేర్చుకున్న ద్రాక్షతీగ అంచు ఆవిడకు తప్ప ఇప్పుడు ఇంకెవరికీ రాదు. తీగ నాలుగు వైపులా పాకుతూ వచ్చి మూల దగ్గర ఒక్కసారిగా వెనక్కి మెలిక తిరుగుతుంది. ఆ మెలికే అసలు విద్య. అది ఏ కాగితం మీదా లేదు. ఆవిడ చూపు మందగించింది, వేళ్ళకు తెలిసినా కళ్ళకు కుట్లు ఆనడం లేదు. ఎదురుగా కూర్చుని చేసి చూపిద్దామంటే మధ్యలో దారి తప్పుతున్నారు. చివరిగా అల్లిన బల్లగుడ్డ ఒక్కటే మిగిలింది, అదీ ఆ రోజు పదకొండింటికి ఏజెంటు వ్యానులో నరసాపురం పోతుంది. అక్కణ్ణించి ఏ దేశం పోతుందో ఎవరికి తెలుసు? అది పోయేలోగా ఒక మంచి ఫొటో ఉంటే, పక్కింటి కరుణ కుట్లు లెక్కపెట్టుకుని నేర్చుకుంటుంది. లేకపోతే ఆ మెలిక ఆవిడతో సరి. ఇదంతా మాస్టారు తనూజకు రెండుసార్లు చెప్పారు. నేనూ విన్నాను, ఎందుకంటే తోడుగా నన్నూ పంపారు.

ఫోనుతో తీస్తే పోయేది కదా అని మీరనొచ్చు. మేమూ అన్నాం, ఆ సాయంత్రం. పొద్దున్న ఇద్దరిలో ఎవరికీ ఆ ముక్క తోచలేదు. మేం ఫొటోగ్రాఫర్లం మరి!

వెళ్ళగానే కెమెరా మొరాయించింది. పాత లెన్సుకూ కొత్త కెమెరాకూ మాటల్లేవు కదా, తెర మీద "లెన్సు లేదు" అని చూపించి మీట నొక్కనివ్వలేదు. కళ్ళెదుట అంత లెన్సు పెట్టుకుని లేదంటుందేమిటి! లెన్సు లేకపోయినా ఫొటో తియ్యమని దానికి చెప్పే చోటు సెట్టింగుల్లో ఎక్కడుందో వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. సువార్తమ్మ గారు ఓపిగ్గా గుమ్మంలో కూర్చుని, "కాఫీ తాగుతారేటమ్మా? మీ మిషనికి ఒంట్లో బాలేనట్టుంది" అన్నారు.

ఆ తర్వాత తనూజ నల్లగుడ్డ పరవలేదు. "బల్లపరుపుగా తీస్తే ఆధార్ కార్డు ఫొటోలా ఉంటుందే" అంది. బల్లగుడ్డను కుర్చీ వీపు మీద జారవిడిచింది, కిటికీ వెలుతురు వెనకనించి పడేలా. లోపలికి వెలుతురు వచ్చే కంతను పెద్దదీ చిన్నదీ చేసే రింగు లెన్సు మీద ఉంటుంది, దాన్ని పూర్తిగా తెరిచి పెట్టింది. అలా తెరిస్తేనే పాత లెన్సు గుణం బయటపడుతుంది: ఒక్క గీటంత మేర స్పష్టంగా ఉండి, చుట్టూ అంతా వెన్నలా కరిగిపోతుంది. కొత్త లెన్సయితే ఎంత తెరిచి ఉందో కెమెరా అంకె చూపిస్తుంది. ఇక్కడ అంకె ఉండాల్సిన చోట రెండు గీతలే. కెమెరాకు తెలీదు, తెలియాల్సింది తనకే. ఆమెకు తెలుసు కూడా. తెలిసే తీసింది. నేను పక్కనే ఉండి ఏం చేశాను? "నీ బూజు ఎంత బాగా పడుతుందో చూద్దాం" అన్నాను. ఇదీ నా సాయం.

ముప్ఫై ఫొటోలు తీశాక వ్యాను వచ్చింది, బల్లగుడ్డ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం క్లాసులో పెద్ద తెర మీద వేస్తే పాత జట్టు చప్పట్లు కొట్టింది. నిజం చెప్పొద్దూ, అందంగానే ఉన్నాయి. ఒక ద్రాక్షపండు అంచు మెరుస్తోంది, మిగతాదంతా పాలపొంగు. మాస్టారు ముప్ఫయ్యీ చూశారు. అన్నిట్లోకీ బాగుందని తనూజ చెప్పినదాన్ని పెద్ద సైజులో ప్రింటు తీయించి, "పట్టుకెళ్ళి ఆవిడకియ్యి" అన్నారు. తనూ మాతో వచ్చారు.

సువార్తమ్మ గారు ప్రింటును కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకున్నారు. వేలితో అంచు వెంబడి వెళ్ళారు. వేలు మూల దాకా వెళ్ళి ఆగిపోయింది.

"నా అల్లిక ఏదమ్మా? పొగ తీశావేటి?"

"అది పొగ కాదమ్మా, లెన్సు గుణం. ఈ లెన్సుతో తీస్తే అలాగే..."

"లెన్సు గుణం బానే ఉందమ్మా. నేను అల్లినదాని గుణం ఎక్కడుంది ఇందులో?"

ఎదుటివాళ్ళ మాటకు మాట అప్పజెప్పే తనూజ ఆవిడ చేతిలోంచి ప్రింటు తీసుకుని చుట్టేసింది. "మాస్టారూ, నరసాపురం వెళ్దాం. ఇంకా పంపించి ఉండరు" అంది. మాస్టారు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

బస్సులో నేను నా కొత్త లెన్సు బయటికి తీశాను. మాస్టారు నా చెయ్యి పక్కకు తోసేశారు. "అది లోపల పెట్టు. ఆ అమ్మాయిది చాలు."

నరసాపురంలో సరుకు పోగుచేసే గదిలో బల్లగుడ్డలన్నీ ఇస్త్రీ అయి పెట్టెల్లోకి వెళ్ళాయి. అక్కడి సూపర్‌వైజరమ్మ విసుక్కుంది. "పొద్దున్న మీ ఇష్టమొచ్చినంతసేపు దగ్గర పెట్టుకున్నారు కదండీ! అప్పుడేం చేశారు?" మాస్టారు బతిమాలితే సగం కట్టిన పెట్టె విప్పింది. "పది నిమిషాలు. మాసిపోనివ్వకండి."

ఈసారి తనూజ తన చున్నీనే నేల మీద పరిచింది, అది నల్లదే. దాని మీద బల్లగుడ్డను ముడత లేకుండా సర్దింది. లెన్సు మీద రింగును టక్కు టక్కుమని పదకొండు అంకె దాకా మూసింది. మూస్తున్నకొద్దీ తెర మీద పాలపొంగు తగ్గుతూ పోయి, ఒక్కొక్క కుట్టూ దారంతో సహా తేలింది. ఆమె తల ఎత్తింది. గొంతులో ఏడుపో కోపమో నాకు తెలీలేదు.

"మాస్టారూ, ఇలా తీస్తే ఇది ఏ లెన్సో ఎవరూ చెప్పలేరు."

"ఆఁ. మూల వదిలెయ్యకు" అన్నారు మాస్టారు.

నాలుగు మూలలూ తీసింది. పదో నిమిషానికి పెట్టె మూశారు.

మర్నాడు ఎనిమిది మందిమీ కాలవ గట్టుకు వెళ్ళాం. సువార్తమ్మ గారు అరుగు మీద కూర్చున్నారు. కరుణ లోపల చాప మీద ప్రింటు పెట్టుకుని, వేలు ఆనించి, దారాన్ని అల్లిక సూది కొక్కేనికి తగిలించి మొదలుపెట్టింది. "ఏడు, ఒక ఖాళీ. ఏడు, ఒక ఖాళీ. ఇక్కడ తొమ్మిది..." సువార్తమ్మ గారు బయటినించే, "తొమ్మిది కాదే, మళ్ళీ చూడు" అన్నారు. కరుణ మళ్ళీ చూసింది. "ఎనిమిదే పిన్నీ! ఎనిమిది, వెనక్కి మెలిక." అరుగు మీద సువార్తమ్మ గారి వేళ్ళు ఒళ్ళోనే, దారం లేకుండానే ఆ మెలిక తిప్పాయి.

మేం ఊరుకుంటామా? గుమ్మంలో గుంపుగా చేరాం. చూశావా, పాత లెన్సే చేసింది ఈ పని, అంది పాత జట్టు. మూసి తీస్తే ఏదైనా ఒకటేనని ఆ లెన్సే ఒప్పుకుంది, అన్నాను నేను. తనూజ ఒక్కతే ఏ వైపూ మాట్లాడలేదు. మా గొంతులు పెరిగాయి. లోపల చాప మీద కరుణ ప్రింటును అటూ ఇటూ తిప్పుతోంది, కళ్ళు చికిలించి.

మాస్టారు మా వెనకనించి వచ్చారు.

"గుమ్మానికి అడ్డం లేవండర్రా. లోపలికి వెలుతురు పోవాలి."