ఎడమ మూత మీద రవ్వ

సోమలింగం ఆ ఉదయం రేపల్లె బస్సెక్కింది గురువుగారిని చూడటానికి కాదు. ఆయనిచ్చిన మృదంగం ఆయనకే అప్పజెప్పి, ఇక ఈ జన్మకి వాయించనని చెప్పి రావడానికి.

ముందు రోజు సాయంత్రం విజయవాడలో పరాంకుశం గారి పాట కచేరీ జరిగింది. ఆయన కచేరీ అంటే హాలు నిండాల్సిందే, నిండింది. ఆయన పక్కన మృదంగం వాయించడం మొదలుపెట్టినప్పుడు సోమలింగం జుట్టు ఒత్తుగా, నల్లగా ఉండేది. ఇప్పుడు చెవుల దగ్గర తెల్లబడింది. పరాంకుశం గారి తాళం ఎక్కడ జారబోతోందో ఆయనకంటే ముందు సోమలింగానికి తెలిసిపోయేది. జారుడు జనం చెవిన పడకుండా సర్దేసేవాడు. సర్దిన సంగతి కూడా ఎవరికీ తెలిసేది కాదు. పనితనమంటే అదేనని పెద్దలంటారు. ఆ పనితనమే అతని కొంప ముంచింది.

కచేరీ మొదట్లో ఒకాయన మైకు దగ్గరికొచ్చి అందర్నీ పరిచయం చేశాడు. పరాంకుశం గారి బిరుదులన్నీ ఊపిరి తిప్పుకోకుండా చదివాడు. వయొలిన్ విద్వాంసుడి పేరు చెప్పాడు. "మృదంగం మీద..." అని ఆగి, వెనక్కి తిరిగి చూశాడు.

పరాంకుశం గారు చెయ్యూపారు. "మా కుర్రాడేలెండి. మీరు కానివ్వండి."

హాల్లో నవ్వులు. సోమలింగం కూడా నవ్వాడు. ఆ నవ్వు ఎందుకు నవ్వానా అని ఇంటికెళ్ళేదాకా తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

కచేరీలో ఒక సమయం వస్తుంది. పాట ఆగిపోయి, మృదంగం ఒక్కటే పలుకుతుంది. దాన్ని తని అంటారు. ఇంతసేపూ పాటకి అండగా ఉన్నవాడు తన మనసులో ఏముందో చెప్పుకోవడానికి దొరికేది ఆ కాస్త సమయమే. నిన్న ఆ సమయం వచ్చేసరికి పరాంకుశం గారు వాచీ చూసుకుని, తరవాతి పాట ఎత్తుకున్నారు. ఇది కొత్తేం కాదు. చాలాకాలంగా అంతే.

పోనీ ఆయన దుర్మార్గుడా అంటే కాదు. పండక్కి బట్టలు పెడతారు. ఒంట్లో బాగాలేదంటే దగ్గరుండి డాక్టరుకి చూపిస్తారు. పక్కన ఒక మనిషి కూర్చుని వాయిస్తున్నాడన్న సంగతి తప్ప ఆయనకి అన్నీ గుర్తుంటాయి.

సోమలింగం ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. బావమరిది ఎప్పట్నుంచో తన ఎరువుల కొట్లో వచ్చి కూర్చోమంటున్నాడు. అక్కడైతే కనీసం బస్తా అడిగేవాడు మొహం చూసి అడుగుతాడు.

రేపల్లెలో దిగేసరికి ఎండ మండిపోతోంది. ఆదిశేషయ్య గారి ఇల్లు సందు చివర. ఆయన అరుగు మీద చాప వేసుకుని కూర్చుని ఉన్నారు. కొన్నాళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. ఇప్పుడు మంచినీళ్ళ గ్లాసు కూడా రెండు చేతులా పట్టుకుంటే తప్ప నోటిదాకా రాదు.

"ఏం నాయనా, ఇంత ఎండనపడి వచ్చావ్? మనిషివి అలా ఉన్నావేంటి?" అంటూ గురుపత్ని రత్తమ్మగారు మజ్జిగ తెచ్చిచ్చారు. అతను గ్లాసు అందుకుని పక్కన పెట్టేశాడు.

"గురువుగారూ, ఇది మీకు ఇచ్చేసి పోదామని వచ్చానండి" అన్నాడు.

ఆదిశేషయ్య గారు ఎందుకని అడగలేదు. గుడ్డసంచీ ముడి విప్పమన్నట్టు సైగ చేశారు. సోమలింగం విప్పాడు. ఆయన మృదంగాన్ని దగ్గరికి దొర్లించుకుని కుడివైపు చర్మపు మూత చూశారు. తరవాత ఎడమవైపు తిప్పారు.

తిప్పి, అలాగే ఉండిపోయారు.

మృదంగం ఎడమ మూత దానంతటది పలకదు. కచేరీకి కూర్చునే ముందు బొంబాయి రవ్వ నీళ్ళతో మెత్తగా పిసికి, ముద్దగా దాని నడుమ అంటించాలి. ఆ తడి ముద్ద బరువుకే గంభీరమైన నాదం పుడుతుంది. కచేరీ అయిన మరుక్షణం ఆ రవ్వ తీసేసి, తడిగుడ్డతో తుడవాలి. తియ్యకుండా వదిలేస్తే అది ఎండి బిగుసుకుని చర్మాన్ని లాగేస్తుంది. చేతికి మృదంగం ఇవ్వకముందే ఆదిశేషయ్య గారు ఏ శిష్యుడికైనా నేర్పే మొదటి పాఠం ఇదే. సోమలింగం ఈ ఇంట్లో మొట్టమొదట నేర్చుకున్నది వాయించడం కాదు, తుడవడం.

నిన్న రాత్రి తుడవలేదు. కోపంలో అలాగే సంచీలో కుక్కేశాడు. ఇప్పుడు ఎడమ మూత మీద రవ్వ బీటలు తీసి, గట్టిగా కరుచుకుని ఉంది.

అది చూడగానే సోమలింగానికి తల కొట్టేసినట్టయింది. హాలంతా నవ్వినప్పుడు కూడా ఇంత సిగ్గుపడలేదు.

"ఏం జరిగిందిరా?" అన్నారు గురువుగారు.

సోమలింగం చెప్పాడు. పేరు తెలియక మైకు దగ్గర ఆగిపోయిన మనిషి గురించి, కుర్రాడేలెండి అన్న మాట గురించి, వాచీ గురించి. చెబుతుంటే తనకే చిన్న విషయాల్లా అనిపించాయి. చిన్నవే. కానీ ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి ఊపిరాడటంలేదు.

ఆయన అంతా విన్నారు. ఎండిన రవ్వ మీద వేలు పెట్టారు.

"పరాంకుశం నీ పేరు చెప్పలేదు. సరే. నీకు తని ఇవ్వలేదు. సరే. ఇదేం చేసిందిరా నిన్ను?"

సోమలింగం వెంటనే మృదంగం ఒళ్ళోకి లాక్కుని గోటితో రవ్వ గీకబోయాడు.

"ఆగు. ఇప్పుడు గీకితే చర్మంతో సహా వస్తుంది. నాననియ్యి."

చెంబుతో నీళ్ళు తెప్పించారు. పాత పంచె చింపి తడిపి, ఆ ముద్ద మీద పరిచారు. దాని మీద తన అరచెయ్యి పెట్టి కూర్చున్నారు. చెయ్యి వణుకుతూనే ఉంది. మృదంగం కింద చాప సన్నగా చప్పుడు చేస్తోంది.

నానడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా సోమలింగమే నోరు విప్పాడు.

"చచ్చిపోవాలని లేదండి. కానీ బతికున్నట్టు కూడా లేదు. రేపు నేను వెళ్ళకపోతే ఆయన ఇంకొకణ్ణి కూర్చోబెట్టుకుంటారు. ఆ తేడా కూడా ఎవరికీ తెలీదండి. ఒక్కడికి కూడా తెలీదు. అది అర్థమైనప్పట్నుంచీ చెయ్యి ఆడటంలేదు."

"తెలీదు" అన్నారు ఆదిశేషయ్య గారు.

ఆ మాటకి సోమలింగం సిద్ధంగా లేడు. కాదురా, నీ విలువ నీకు తెలీదురా అంటారని ఏ మూలో ఆశ ఉంది. ఇంత దూరం బస్సెక్కి వచ్చింది ఆ మాట కోసమేనేమో కూడా. ఆ ఆశ కూడా పోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అటు తిరిగి సందులోకి చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి ఆయన తడిగుడ్డ తీశారు. "ఇప్పుడు తియ్యి. నా చేత కాదు."

సోమలింగం వేలి చివర్లతో నెమ్మదిగా తీశాడు. నానిన రవ్వ పొరలు పొరలుగా వచ్చింది. ఒక అంచున మాత్రం పట్టు వదల్లేదు. మళ్ళీ తడి చేసి, మళ్ళీ ఆగి తీశాడు. అది వచ్చాక చూస్తే అక్కడ చర్మం మీద వెంట్రుకంత చీలిక ఉంది.

"చీలిందండి" అన్నాడు.

"చీలింది. ఇక అది అలాగే ఉంటుంది." ఆయన లోపలికి వినబడేట్టు పిలిచారు. "ఏమే, పిడికెడు బొంబాయి రవ్వ ఇట్రా."

"ఉప్మాకని ఉంచానండీ ఆ కాస్తా!" అన్నారు లోపల్నుంచి రత్తమ్మగారు. "మీ మృదంగాలకి పెట్టే సరికే నా డబ్బా ఖాళీ." అంటూనే గిన్నెలో వేసి తెచ్చి ముందు పెట్టి వెళ్ళారు.

సోమలింగం నీళ్ళు చిలకరించి పిసికాడు. ఎంత మెత్తగా ఉండాలో ఈ ఇంట్లో ఒక కొలత ఉంది. చెవి తమ్మె పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉండాలి. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. ముద్ద చేసి, చీలిక మీద పడకుండా చూసుకుని అంటించాడు. అరచేత్తో ఒకసారి తట్టాడు.

నాదం లేచింది. అడుగున సన్నటి జీర ఉంది. అయినా లేచింది.

"వాయించు" అన్నారు గురువుగారు.

"ఏం వాయించమంటారండీ?"

"నిన్న వాయించనిది."

సోమలింగం వాయించాడు. మొదట చేతులు మొరాయించాయి. తరవాత ఎప్పుడు కుదురుకున్నాయో అతనికి తెలీదు. సందులో ఒకడు సైకిలు మీద బెల్లు కొట్టుకుంటూ పోయాడు, ఆగలేదు. వంటింట్లో పోపు గింజలు చిటపటలాడుతున్నాయి, అవీ ఆగలేదు. ఆదిశేషయ్య గారు కళ్ళు మూసుకుని, వణుకుతున్న చేత్తోనే మోకాలి మీద తాళం వేస్తున్నారు. ఆ చెయ్యి ఒక్కోసారి ముందుకు పడుతోంది, ఒక్కోసారి వెనకబడుతోంది. సోమలింగం వాయిద్యం ఎక్కడా తొట్రుపడకుండా దాని వెంటే నడిచింది. వాయిస్తూ ఏడుస్తున్నాడు. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ముగించాడు. బాగుందని ఆయన అనలేదు. బాగాలేదనీ అనలేదు. కళ్ళు తెరిచి, చీలిక ఉన్న వైపు ఒకసారి చూసి ఊరుకున్నారు.

సోమలింగం చెయ్యి దానంతటదే ఎడమ మూత మీదికి వెళ్ళింది. తడిగా ఉన్న రవ్వ ఏ పట్టూ లేకుండా ఒక్క ముద్దగా ఊడి అరచేతిలోకి వచ్చింది. దాన్ని గోడ పక్కన విసిరేస్తే రెండు కాకులు వాలాయి. మూత తుడిచి, తడి ఆరేదాకా ఆగి, మృదంగాన్ని సంచీలో పెట్టి ముడి వేశాడు.

"ఇచ్చేసి పోతానన్నావు?" అన్నారు గురువుగారు.

"రేపు గుంటూరులో కచేరీ ఉందండి. ఒప్పుకున్నది." సంచీ ముడి ఇంకోసారి బిగించాడు. "అదయ్యాక ఆయనతో చెప్పేస్తాను, ఇక రానని."

"చెప్పు."

సోమలింగం సంచీ భుజాన వేసుకుని, పాదాలకు దణ్ణం పెట్టి మెట్లు దిగాడు. రేపు ఆ మాట ఎలా చెప్పాలో దిగుతూనే మనసులో అనుకున్నాడు. మంగళం పాడటం ముగియగానే, జనం ఇంకా లేవకముందే, ఆయన మొహం మీదే. కుర్రాడు వెళ్ళిపోతున్నాడని మైకులో వినబడాలి.

"ఒరేయ్ సోమలింగం."

వెనక్కి తిరిగాడు.

"ఆ మాట ఎప్పుడు చెప్తావు? తుడవకముందా, తుడిచాకా?"

ఎండలో నిలబడిపోయాడు. రవ్వ తీసి, తుడిచి, తడి ఆరేసరికి హాలు ఖాళీ అయిపోతుంది. చేతులు ఇంకా రవ్వ తడి వాసన వేస్తున్నాయి.

"తుడిచాకేనండి" అన్నాడు చివరికి.

"అయితే వెళ్ళిరా."