రెండో స్వరం

డోరతమ్మ గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. వాల్తేరులో ఆవిడ దగ్గర పియానో నేర్చుకున్న వాళ్ళందరికీ ఇది అనుభవమే. ఒకప్పుడు కలకత్తా, బొంబాయి సభల్లో వాయించిన మనిషి. మాటలకన్నా చేతుల్నే ఎక్కువ నమ్మేవారు.

కెజియా ఆ మధ్యాహ్నం ప్రశ్నతో కాదు, నిర్ణయంతోనే వచ్చింది. చెప్పులు విడుస్తూనే, "అమ్మగారూ, మద్రాసు కాలేజీ ఎంపికలోంచి నా పేరు తీయించేయండి" అంది. అక్కడ సీటు వస్తే చదువూ తిండీ వాళ్ళే చూసుకుంటారు, పియానో వాయించడమే బతుకవుతుంది. వయసు నిబంధన ప్రకారం ఆమెకి ఇదే ఆఖరి ఏడు. వచ్చేదీ లేనిదీ డోరతమ్మ గారు ఆ సాయంత్రం లోపు ఫోన్ చేసి చెప్పాలి.

"ఎందుకట?"

"మెర్లిన్ అయిదో ఏట మొదలుపెట్టింది. నేనేమో చర్చి హార్మోనియం మీద నాకు నేనే కెలుక్కుని కెలుక్కుని, ఇరవై దాటాక మీ గడప తొక్కాను. కష్టానికి నేను భయపడనమ్మగారూ. తెల్లార్లూ కూర్చోమన్నా కూర్చుంటాను. కానీ పోయిన ఏళ్ళని ఏం చేసి పూడ్చుకోను? దారుంటే చెప్పండి, ఈ క్షణమే మొదలుపెడతాను. లేదంటే పేరు తీసేయండి."

తన వంతు కోసం కిటికీ గట్టు మీద కూర్చుని ఉన్న మెర్లిన్, పదిహేనేళ్ళ పిల్ల, తన పేరు వినపడగానే చెవులు రిక్కించింది.

"ఎంపికకి అనుకున్న ఆ నెమ్మది పాట వాయించు" అన్నారు డోరతమ్మ గారు.

ఆ పాట ఒకే ఒక్క స్వరంతో మొదలవుతుంది. అది చాలాసేపు ఒంటరిగా నిలబడ్డాక రెండోది వస్తుంది. కెజియా కుడిచేత్తో ఆ మొదటి స్వరం మెట్టు కొట్టి, గోరు తెల్లబడేదాకా దాన్ని అదిమి పట్టింది. ఒళ్ళో ఉన్న ఎడమచెయ్యి తనకి తెలియకుండానే ముందుకీ వెనక్కీ ఆడుతోంది. బిగుసుకుపోయిన వేలు సమయానికి లేవలేదు. రెండో స్వరం ఆలస్యంగా, విసురుగా తలుపేసినట్టు పడింది.

మెర్లిన్ కిసుక్కున నవ్వింది. "అక్కా, తిత్తి ఊదక్కర్లేదు, అది హార్మోనియం కాదు!"

"ముందు నీ తిత్తి మూయవే" అన్నారు డోరతమ్మ గారు.

పిల్ల అన్నది నిజమే. హార్మోనియానికి గాలి అందిస్తున్నంతసేపూ స్వరం బతికే ఉంటుంది. కెజియా వేళ్ళు ఇంకా ఆ నమ్మకంలోనే ఉన్నాయి.

డోరతమ్మ గారు లేచి పియానో ముందు పలక ఊడదీశారు. లోపల నిలువు తీగలు, వాటి ముందు బారుగా చిన్న చిన్న సుత్తులు. "మళ్ళీ కొట్టు. ఈసారి చూస్తూ కొట్టు."

కెజియా కొట్టింది. సుత్తి ఎగిరి తీగని తాకి, ఆమె అదమడం మొదలుపెట్టేలోపే వెనక్కి వచ్చేసింది. ఆమె అదిమింది. సుత్తి కదల్లేదు. భుజం బలమంతా పెట్టి అదిమింది. కుర్చీ కిర్రుమంది గానీ సుత్తి కదల్లేదు. స్వరం మాత్రం తన దారిన తాను సన్నబడుతూనే ఉంది.

"సుత్తి ఎప్పుడో ఇంటికి పోయిందే. నువ్వింకా ఎవరి పీక నొక్కుతున్నావు?"

కెజియాకి సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. "అయితే అది చచ్చిపోతుంటే చూస్తూ కూర్చోమంటారా?"

"చూడొద్దు. విను."

పంతంగా మళ్ళీ కొట్టింది. ఈసారి వేలిని మెట్టు మీద ఊరికే ఉంచింది. అదమాలని ప్రాణం లాగింది. పళ్ళు బిగబట్టి ఊరుకుంది. స్వరం తరిగింది, ఇంకా తరిగింది. అయినా పోలేదు. ఎంత మిగిలిందో ఆమె చెవికి మొదటిసారి తెలిసింది. సరిగ్గా అంత గొంతుతోనే రెండో స్వరాన్ని పక్కన దించింది. కొత్త శబ్దం పుట్టినట్టు లేదు, మొదటిదే లేచి అడుగు వేసినట్టుంది. దాని వెనక మూడోది. ఎడమచెయ్యి కూడా పిలిచిన చోట వచ్చి కలిసింది. ఎక్కడా ఆగకుండా పాట చివరిదాకా నడిచింది.

మెర్లిన్ ఎప్పుడు గట్టు దిగిందో, పియానో పక్కన నిలబడి ఉంది. "నా పాఠం రేపు చెప్పండి టీచర్" అంది మెల్లగా.

డోరతమ్మ గారు ఫోన్ అందుకున్నారు. "ఇంతకీ వాళ్ళకి ఏం చెప్పమంటావు?"

"ఉండండమ్మగారూ, ఇంకోసారి వాయించాలి." కెజియా తల తిప్పనైనా లేదు. చెయ్యి అప్పుడే మొదటి మెట్టు మీదికి పోయింది.

అవతలివాళ్ళు అడిగిందంతా డోరతమ్మ గారు ఓపిగ్గా విన్నారు.

"అవునండీ, చాలా ఆలస్యంగానే మొదలుపెట్టింది. మొదటి స్వరం సంగతి నన్నడక్కండి. ఎంపికకి వస్తోందిగా, రెండోది వినండి."