అరుగు చూసి మెచ్చిన ఇల్లు

అనగనగా, గోదావరి పాయ ఒరుసుకుని పారే ఒక లంక ఊళ్ళో, వరహాలు అని ఒక ఇల్లాలు ఉండేది. ఇటు తిరిగి పడుకో బంగారూ, చెబుతాను.

వరహాలుకి ముగ్గురు పిల్లలు. నాలుగో బిడ్డ కడుపులో ఉంది. మొగుడి పేరు సూరిబాబు, మావగారి పేరు గవర్రాజు. అత్తగారు ఎప్పుడో కాలం చేసింది. ఇంతమందికీ కలిపి ఒక్క తాటాకిల్లు. ఒక గది, ఒక వసారా. పిల్లల్ని అటొకర్ని, ఇటొకర్ని, కాళ్ళ దగ్గర ఇంకొకర్ని సర్ది పడుకోబెట్టేది. నాలుగో బిడ్డని ఎక్కడ పడుకోబెట్టాలో మాత్రం ఆమెకి తోచేది కాదు.

ఆ ఏడు పంట బాగా పండింది. అప్పుడు గవర్రాజు కొడుకుని పిలిచి, "సంసారం పెరిగిందిరా. ఇల్లు కొందాం. నిన్న మొన్న కట్టిన అగ్గిపెట్టెలు కాదు. స్తంభాలూ టేకు తలుపులూ ఉన్న పాతకాలపు పెంకుటిల్లు" అన్నాడు. ఆ మాట విని వరహాలు పొయ్యిలో ఉన్న అగ్నిహోత్రుడికి దణ్ణం పెట్టుకుంది. రోజూ పొద్దున్నే పొయ్యి అలికి, ముగ్గేసి, దణ్ణం పెట్టాకే నిప్పు రాజేసే మనిషి ఆమె.

ఇప్పుడు ఆ ఊరి ఆచారం ఒకటి చెప్పాలి నీకు. పరాయి మగవాడు ఒకరి ఇంటికి వెళ్తే నడిమింటి గడప దాటకూడదు. దాని వెనకంతా ఆడవాళ్ళు తిరిగే చోటు. ఇంకోటి, కొత్తింట్లో పాలు పొంగించే రోజు దాకా ఆ ఇంటి కోడలు అక్కడ కాలు పెట్టకూడదు. రెండూ పెద్దలు పెట్టినవే. రెండూ కలిపితే ఏమవుతుందో ఏ పెద్దా ఆలోచించలేదు.

మొదటి రోజు గవర్రాజు, సూరిబాబు, ఇంకో నలుగురు పెద్దమనుషులు ఒక ఇల్లు చూడ్డానికి వెళ్ళారు. అరుగు మీద కూర్చున్నారు. మజ్జిగ తాగారు. తిరిగొచ్చారు.

"ఎలా ఉందండి మావయ్యగారూ ఇల్లు?" అని అడిగింది వరహాలు.

"ఏం బావుంటుంది? అరుగు మరీ ఇరుకు. నలుగురు కూర్చుంటే ఐదోవాడు జారిపోతాడు."

"వంటిల్లో?"

"వంటిల్లు వంటిల్లులాగే ఉంటుంది. దానికి కొమ్ములుంటాయా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. అప్పుడు వరహాలు కడుపులో ఆవగింజంత కోపం పుట్టింది.

ఆ తర్వాత రెండో ఇల్లు. మళ్ళీ అరుగు, మళ్ళీ మజ్జిగ. "పడమటి అరుగమ్మా. సాయంత్రం కళ్ళల్లో ఎండ కొడుతుంది. పేకాడుకోడానికి కుదరదు" అన్నాడు గవర్రాజు. "నుయ్యి ఎక్కడుందండి?" అంది వరహాలు. "నుయ్యి అన్నాక ఎక్కడో ఉంటుంది" అన్నాడు సూరిబాబు. మళ్ళీ నవ్వారు. ఆవగింజ చింతగింజంత అయింది.

ఆ తర్వాత మూడో ఇల్లు. అది భద్రయ్య అనే ఆసామిది. కూతురి ఊరికి వెళ్ళిపోదామని అమ్మకానికి పెట్టాడు. ఈసారి గవర్రాజు వస్తూనే, "ఇల్లంటే అదీ. పన్నెండుమంది కూర్చునే అరుగు. స్తంభానికి స్తంభానికీ చిలకలు. తలుపు మీద లక్ష్మీదేవి, రెండు పక్కలా ఏనుగులు. తాంబూలాలు పుచ్చేసుకున్నాం" అన్నాడు.

వరహాలు గొంతు పెంచలేదు. ఆమెకి గొంతు పెంచడం చేతకాదు. "పురుడు ఏ గదిలో పోసుకోవాలండి నేను?" అని మాత్రం అడిగింది.

"లోపల బోలెడు గదులు ఉండే ఉంటాయి" అన్నాడు సూరిబాబు.

"ఉన్నాయా, ఉండే ఉంటాయా?"

"పరాయి ఆడవాళ్ళున్న చోటికి ఎలా వెళ్ళమంటావే?"

"మీరు లోపలికి వెళ్ళకూడదు. నేను ముందుగా వెళ్ళకూడదు. మరి ఆ ఇల్లు చూసిందెవరు?"

గవర్రాజు చేతికర్ర నేలకేసి కొట్టాడు. "నాలుగో కాన్పుకి నోరొచ్చింది దీనికి" అన్నాడు. ఇక ఎవరూ నవ్వలేదు. చింతగింజ కొబ్బరికాయంత అయి, గుండెల మీద కూర్చుంది.

ముహూర్తం రోజు వచ్చింది. పొద్దున్నే పంతులుగారు వచ్చారు, ఊళ్ళోవాళ్ళు వచ్చారు. వరహాలు తలంటు పోసుకుని, పాలగిన్నె పట్టుకుని, కుడికాలు పెట్టి లోపలికి నడిచింది. అరుగు నిజంగానే అందంగా ఉంది. చిలకలు నిజంగానే ముద్దుగా ఉన్నాయి. అప్పుడు నడిమింటి గడప దాటింది. గాదెల గది దాటింది. వంటింట్లోకి వచ్చింది.

ఏమీ కనబడలేదు తల్లీ. పట్టపగలు, అయినా చీకటి. గోడలు తడిమితే వేళ్ళకి మసి. ఒక్క కిటికీ లేదు. పెరటి గుమ్మం ఉండాల్సిన చోట ఇటుకలు పేర్చేసి ఉన్నాయి. ఆ చీకట్లోంచే ఎవరో దగ్గారు.

అది భద్రయ్య భార్య అచ్చియ్యమ్మ. పాలు పొంగాక తాళంచెవి ఇచ్చి వెళ్దామని మూల కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా, రెప్పలు వాచిపోయి ఉన్నాయి.

"ఈ గుమ్మం ఎందుకు పూడ్చేశారు పిన్నిగారూ?"

"దొంగలొస్తారని మా ఆయన పూడ్పించారు. ఇరవయ్యేళ్ళయింది. నుయ్యి ఆ గోడ అవతలే ఉంది. వింటే చేద చప్పుడు వినబడుతుంది. తోడుకోవాలంటే మాత్రం వీధిలోకెళ్ళి, అరుగు ముందు నుంచి, సందు చుట్టూ తిరిగి రావాలి."

"బిందె పట్టుకుని, పన్నెండుమంది మగాళ్ళ ముందు నుంచా?"

"తలొంచుకుని పోవడమే."

"మరి పొగ?"

"నడిమింటి తలుపు తీస్తే పొగ అరుగు మీదికి పోతుంది. కూర్చున్నవాళ్ళు విసుక్కుంటారు. అందుకని మూసుకుని వండేదాన్ని." అచ్చియ్యమ్మ మళ్ళీ దగ్గింది. "ఆయనకి తెలీదమ్మా. ఆయనకి ముందుగదిలోనే వడ్డన. ఇటు ఎప్పుడూ రాలేదు."

వరహాలు ఆ పొయ్యి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. తన ముగ్గురు పిల్లలు ఈ చీకట్లో తన కొంగు పట్టుకుని తిరగడం కళ్ళముందు కనబడింది. పుట్టబోయే బిడ్డ మొదట పీల్చేది ఈ పొగే. పాలగిన్నె కింద పెట్టేసింది. ఆమెకి కలిగింది భయం కాదు. కోపం. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, ఆరుగురి బతుకుని ఖాయం చేసి వచ్చిన ఆ కాళ్ళ మీద, గడప దాటని ఆ కాళ్ళ మీద కోపం. "అగ్నిహోత్రుడా, తప్పయితే నన్నే కాల్చు" అనుకుంది. నిప్పు రాజేయలేదు. పాలగిన్నె తీసుకుని బయటికొచ్చి నడిమింటి గడప మీద కూర్చుంది.

"పాలు పొంగించను" అంది.

పంతులుగారు, "అమ్మా, ముహూర్తం దాటిపోతుంది" అన్నారు.

"దాటనివ్వండి పంతులుగారూ."

సూరిబాబు దగ్గరికొచ్చి మెల్లగా, "వరాలూ, పరువు పోతోందే" అన్నాడు.

"మీ పరువు అరుగు మీద ఉంది. నా పిల్లలు లోపల ఉంటారు."

గవర్రాజు మొహం కందగడ్డ అయింది. "నువ్వు పొంగించకపోతే ఆగిపోతుందనుకున్నావా? నేనే పొంగిస్తాను" అని గిన్నె లాక్కున్నాడు.

"సంతోషం మావయ్యగారూ. తలుపు మాత్రం వేసుకోండి. ఈ ఇంటి పద్ధతి అది" అంది వరహాలు.

అరుగు మీద ఎవరో, "గవర్రాజు పాలు కాస్తున్నాడర్రా, రేపు పురుడు కూడా ఆయనే పోసుకుంటాడు" అన్నాడు. గవర్రాజు వినిపించుకోకుండా లోపలికి వెళ్ళాడు. మూలనున్న అచ్చియ్యమ్మ గాదెల గదిలోకి తప్పుకుంది. ఆయన తలుపేసుకున్నాడు. కొబ్బరి డొక్కలు పేర్చి నిప్పు పెట్టాడు. కాసేపటికి దగ్గుతూ బయటికొచ్చాడు. పౌరుషం ఊరుకోనిచ్చిందా, మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఇంకా తొందరగా వచ్చాడు. ఆ తర్వాత మూడోసారి, కండువా ముక్కుకి కట్టుకుని వెళ్ళాడు. తలుపు తోసుకుని వచ్చేసరికి కళ్ళ వెంట ధారలు. గిన్నెలో పాలు గోరువెచ్చగా ఉన్నాయి.

పంతులుగారు గిన్నెలోకి చూసి, "పాలు పొంగలేదు. ఈ ఇల్లు మీది కాదు" అన్నారు. తాంబూలాలు తిరిగి ఇచ్చేశారు. భద్రయ్య, "నా ఇంటికి వంకలు పెట్టారు కదా, ఇక ఎవరికీ అమ్మను, ఇక్కడే ఉంటాను" అని పట్టుబట్టి కూర్చున్నాడు. లోపల అచ్చియ్యమ్మ మాట ఎవరూ అడగలేదు.

ఆ మర్నాడు వరహాలు ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని ఇల్లు చూడ్డానికి బయల్దేరింది. పాలు పొంగకముందే కోడలు ఇల్లు తొక్కుతుందా అని ఊరు ముక్కున వేలేసుకుంది. ఆమె ఆగలేదు. ఏ ఇంటికి వెళ్ళినా పెరటి వైపు నుంచే వెళ్ళింది. ముందు నుయ్యి, ఆ తర్వాత పొయ్యి, ఆ తర్వాత పడకలు. ఆ ఇంటి ఆడవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. వాళ్ళు దాచకుండా చెప్పారు. ఒకావిడ, "వేసంగిలో నుయ్యి ఎండిపోతుంది, నేనన్నానని అనకు" అంది. ఇంకొకావిడ, "వాన పడితే అన్నం మీద గొడుగు పట్టాలి" అంది.

ఊరి చివర ఒక ఇల్లు దొరికింది. పాత పెంకులు, పొట్టి గుమ్మాలు. ఇంట్లో సగం వంటిల్లే. కిటికీ పక్కనే నుయ్యి, గిలక లాగితే బిందె చేతికందుతుంది. ఈశాన్యం గదిలో పొద్దుటెండ పడుతుంది. పిల్లలు ముగ్గురూ నేల మీద చేతులు చాపుకుని పడుకుని చూశారు. ఒకరి చెయ్యి ఒకరికి తగల్లేదు. ఇంకొకరికి చోటు మిగిలింది.

"ఇదే" అంది వరహాలు.

గవర్రాజు వచ్చి ముందువైపు చూశాడు. వరదకి అరుగు కొట్టుకుపోయింది. మెట్టు తప్ప ఏమీ లేదు. "నేనెక్కడ కూర్చోను?" అన్నాడు.

"వంటింట్లో పీట ఉంటుంది మావయ్యగారూ. చిక్కుడుకాయలు ఈనెలు తీసిపెడుదురు గాని."

ఆయన గొణిగాడు. కానీ ఆ పొగ తిన్నప్పటినుంచి కాదనలేకపోతున్నాడు. మంచి రోజు చూసి వరహాలు పాలు పెట్టింది. గిన్నె అంచు దాటి బుసబుసా పొంగాయి.

కోపం తీరిందా అంటావా? లేదు తల్లీ. కొత్త పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, కిటికీలోంచి పొగ సాఫీగా బయటికి పోతుంటే, ఆమెకి ఆ దగ్గే వినబడేది. నేను తప్పించుకున్నాను, ఆవిడ అందులోనే ఉండిపోయింది అనుకునేది. తినబోయిన ముద్ద చేదుగా ఉండేది. మూడు రోజులు చూసింది. నాలుగో రోజు పొద్దున్నే వంట వేళకి గునపం తీసుకుంది.

ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వెంట వచ్చారు. సూరిబాబు ఎదురొచ్చి, "ఆ బరువు నువ్వు మోయకూడదే" అని గునపం అందుకున్నాడు. వద్దంటాడేమో అనుకుంది. అనలేదు. ముందు నడిచాడు.

సందులోంచి భద్రయ్య పెరట్లోకి వెళ్ళారు. పూడ్చిన గుమ్మం ముందు నిలబడ్డారు. ఇటుకల అవతల అచ్చియ్యమ్మ దగ్గుతోంది. సూరిబాబు ఒక పోటు పొడిచాడు. అరుగు మీంచి భద్రయ్య, "ఎవరది నా గోడ మీద?" అని కేకేశాడు. తన ఇంటికి అరుగు లేక అక్కడికొచ్చి కూర్చున్న గవర్రాజు ఆయన చెయ్యి పట్టుకుని, "లోపలికెళ్ళి ఒక్కసారి పాలు కాచిరా భద్రయ్యా. ఆ తర్వాత గోడ మాట మాట్లాడదాం" అన్నాడు.

రెండో పోటు. మట్టి రాలింది. అప్పుడు లోపల దగ్గు ఆగింది. ఆ తర్వాత లోపలి నుంచి కూడా ఒక దెబ్బ వినబడింది. అచ్చియ్యమ్మ రోకలి తీసుకుంది. బయట నుంచి ఒకటి, లోపల నుంచి ఒకటి. ఆవిడ దెబ్బలే గట్టిగా ఉన్నాయి. ఇరవయ్యేళ్ళ కోపం అది, మెత్తగా ఎలా ఉంటుంది?

ఇటుకలు కూలాయి. పొగంతా ఒక్కసారిగా పెరట్లోకి వచ్చి ఆకాశంలోకి పోయింది. పొద్దుటెండ వంటింట్లోకి వెళ్ళి అవతలి గోడకి తగిలింది. అచ్చియ్యమ్మ రోకలి దించి, చెంగుతో కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి ఆ గోడ చూసింది. నేల నుంచి దూలం దాకా కాటుకలా ఉంది.

"ఇంత నల్లగా ఉందా?" అంది. "నేను ఎప్పుడూ చూడనేలేదు."

పొగేమో మింటికి,
వెలుగేమో వంటింటికి,
కథేమో నడిచెళ్ళింది కంచికి,
కళ్ళు మూసుకుని మనం మన ఇంటికి.