ఒంటిగా కచేరీకెళ్ళిన వరహాలు

దుప్పటి కాళ్ళతో తన్నకు తల్లీ, సరిగ్గా కప్పుకో. ఊఁ కొడుతూ ఉండాలి. నీ ఊఁ ఆగిందా, నా కథా ఆగిపోతుంది. ముందే చెప్తున్నా.

అనగనగా కాలవ గట్టు మీద ఒక ఊళ్ళో వరహాలు అని ఒకావిడ ఉండేది. తుంగ కోసి, ఎండబెట్టి, చాపలు అల్లేది. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళైనా చాపలు ఆవిడవే. తనే మోసుకెళ్ళి పందిట్లో పరిచి వచ్చేది.

వరహాలుకి సన్నాయి అంటే ప్రాణం. కానీ పెళ్ళిలో సన్నాయి ఎవరు వింటారే? ఒకడు వంకాయకూర ఇంకా రాలేదంటాడు. ఒకత్తి పిల్లాడు కనపడ్డం లేదంటుంది. ఇంతలో పురోహితుడు గట్టిమేళం అంటాడు, డోలు దడదడలాడిపోతుంది. వరహాలు చెవిలో ఒక ముక్క పడేది, అంతే. ఇన్నేళ్ళలో ఒక్క రాగం మొదట్నించి చివరిదాకా వినలేదు పాపం.

కాలవ అవతల ఊళ్ళో వీరన్న అని ముసలి సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. ఏటా మూఢం వస్తుంది కదా, మూఢంలో పెళ్ళిళ్ళు చెయ్యరు, మేళగాళ్ళకి పనుండదు. అప్పుడు ఒక సాయంత్రం వీరన్న తన మేళంతో పందిట్లో కూర్చుని, తనకి నచ్చినట్టు, తనివితీరా వాయించుకునేవాడు. ఎవరైనా వచ్చి వినొచ్చు. ఆ ఏడు మాత్రం ఒక మాట పుట్టింది. వీరన్నకి ముందు పళ్ళు కదులుతున్నాయట, ఇదే ఆఖరి కచేరీ అట. పళ్ళు లేకపోతే సన్నాయికి పట్టు నిలవదు మరి.

వరహాలు గుండె గుభేలుమంది. ఈసారి వెళ్ళకపోతే ఇంక జన్మలో వినలేననుకుంది. కానీ ఒక్కత్తీ ఎలా వెళ్తుంది? ఆ ఊళ్ళో ఆడవాళ్ళు పెళ్ళికైనా పేరంటానికైనా గుంపుగా వెళ్ళాల్సిందే. ఒంటిగా వెళ్తే, ఇంట్లో ఎవరితోనో చెడిందనేస్తారు. లోకుల నోళ్ళు మూయించగలమా?

ముందు మొగుడు అప్పన్నని అడిగింది. మంచివాడే, సరే పద అన్నాడు. కానీ సన్నాయి వినబడితే చాలు, ఆ మనిషికి నిద్ర ముంచుకొచ్చేస్తుంది. నిద్రొస్తే గురక. ఆ గురక ముందు డోలు కూడా దిగదుడుపే. వద్దులే, నువ్వు ఇంట్లోనే పడుకో అంది.

ఆ తర్వాత వదిన సోమాలుని అడిగింది. సోమాలు చెడ్డది కాదు, పట్టింపు ఎక్కువ. బొట్టు పెట్టి పిలిచారా మనల్ని, పిలవని చోటికి నేను రాను అంది. కచేరీకి బొట్టు పెట్టి ఎవరు పిలుస్తారే? ఆ మాట ఆవిడకి ఎవరు చెప్తారు!

ఆ తర్వాత పక్కింటి పోలమ్మని అడిగింది. పోలమ్మ ఎగిరి గంతేసి ఒప్పుకుంది. తల్లో పూలు కూడా పెట్టుకుంది. తీరా బయల్దేరే వేళకి గేదె ఈనడానికి నొప్పులు పడుతోంది. వదిలేసి ఎలా వస్తుంది? పోలమ్మదీ తప్పు లేదు, గేదెదీ తప్పు లేదు.

వరహాలు గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఏం, పెద్దవాళ్ళు ఏడవరనుకున్నావా? అప్పుడు కాలవ అవతల్నించి మేళగాళ్ళు శ్రుతి సరిచూసుకోవడం వినిపించింది. గాలివాటున ఒక ముక్క వచ్చింది, ఆగిపోయింది. మళ్ళీ ముక్కేనా నా మొహానికి అనుకుంది. లేచి మొహం కడుక్కుని, పెద్ద చాప ఒకటి చుట్టి భుజాన పెట్టుకుని, వంతెన దాటి వెళ్ళిపోయింది.

పందిట్లో ఎవరి చాపల మీద వాళ్ళు గుంపులు గుంపులుగా కూర్చుని ఉన్నారు. తాంబూలం నములుతున్న ఒకావిడ, ఒక్కదానివే వచ్చావా అని అడిగింది. ఊరికే అడిగింది. వరహాలు కంగారుపడి, మా వాళ్ళు వెనకాల వస్తున్నారు అనేసింది.

అనేసింది కదా, ఇక చూడు తిప్పలు. పెద్ద చాప పరిచి, ఓ మూల ఒదిగి కూర్చుంది. రాని వాళ్ళ కోసం చోటుకి కాపలా! ఒక తాతగారు మనవరాలితో వచ్చి, ఇక్కడ కూర్చోవచ్చా అన్నాడు. మా వాళ్ళొస్తారండీ అంది. పాపం ఆయన మట్టిలో చతికిలబడ్డాడు. ఆ తర్వాత చంటిపిల్లతో ఒక తల్లి వచ్చింది. ఆవిడకీ అదే మాట. ఇంతలో వీరన్న వాయించడం మొదలుపెట్టాడు, మొదటి రాగం అయిపోయింది కూడా. వరహాలుకి ఒక్క స్వరం చెవికెక్కితే ఒట్టు. దారి వంక చూడ్డం, ఖాళీ చాప వంక చూడ్డం, సిగ్గుతో చావడం. ఇంత దూరం వచ్చి కూడా వినలేకపోతున్నానే అని కుమిలిపోయింది.

అప్పుడు మూడో మనిషి కనిపించింది. ఆవిడ గాజులమ్మే కనకరత్నం. పందిరి రాట పట్టుకుని నిలబడి ఉంది. కూర్చోమ్మా అని ఎవరో అంటే, మా వాళ్ళు రావాలండీ అంటూ దారి వంక చూస్తోంది. ఆ చూపు వరహాలు ఇట్టే పోల్చుకుంది. ఇందాకట్నించీ తను చూస్తున్నదీ అదే చూపు కదా.

వరహాలు లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాతో ఎవరూ రాలేదమ్మా. వస్తున్నారని అబద్ధం చెప్పాను. ఒక్కదాన్నే వచ్చాను. నువ్వొచ్చి నా చాప మీద కూర్చో."

కనకరత్నం ఆమె మొహంలోకి చూసింది. "నా వెనకాలా ఎవరూ రారు," అంది. హమ్మయ్య అని ఊపిరి వదిలింది. ఇద్దరికీ నవ్వొచ్చేసింది.

ఆ తర్వాత తాతగారినీ మనవరాలినీ పిలిచారు, చంటిపిల్ల తల్లినీ పిలిచారు. వరహాలు తాంబూలం ఆవిడ దగ్గరికెళ్ళి నిజం చెప్పేసింది. ఆవిడ, అలాగా, అంది. ఒక తమలపాకు చిలక చుట్టి చేతిలో పెట్టింది. అంతే! ఈ మాత్రానికా వెర్రితల్లి ఇంతసేపూ కుమిలి చచ్చింది!

వీరన్న మళ్ళీ సన్నాయి పెదవులకి ఆనించాడు. రాగం సన్నగా మొదలైంది. పైకెళ్ళింది, పైన కాసేపు ఆగింది, నెమ్మదిగా దిగివచ్చింది. ఎవరూ కూర అడగలేదు, ఎవరూ గట్టిమేళం అనలేదు. చాప అంచున సగం మట్టిలో కూర్చుని, వరహాలు చివరి స్వరం దాకా విన్నది. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోనైనా లేదు. కడుపు నిండిపోయిందే ఆవిడకి.

మర్నాడు సోమాలు వచ్చి, అయ్యో పాపం అన్నట్టు మొహం పెట్టి, ఎవరితో వెళ్ళావే అని అడిగింది.

వరహాలు అల్లుతున్న చాప మీంచి తలెత్తలేదు. "ఒక్కదాన్నే వెళ్ళాను వదినా. ఏమీ కాలేదు."

 సోమాలు మెల్లిగా లోపలికొచ్చి పక్కన కూర్చుని, ఎలా వాయించాడో చెప్పవే అంది.

కథ కంచి బాట పట్టింది,
మన అడుగు ఇంటి గడప ముట్టింది,
నిద్రమ్మొచ్చి తలుపు తట్టింది,
మా పిల్లకి ఆవలింత పుట్టింది!